కారు తాగిన ఉప్పునీళ్ళు

మా యింట్లో మనుషులకు ఒక నీళ్ళు, కారుకు ఒక నీళ్ళు. మనుషులకు క్యానులో వచ్చే మంచినీళ్ళు. కారుకు పెరట్లోని బోరు నీళ్ళు. ఈ పంక్తిభేదం తప్పని నాకు పదకొండేళ్ళ పాటు తోచనే లేదు. తోచేట్టు చేసింది తిరుమల ఘాట్ రోడ్డు.

మాది చిత్తూరు. 2022లో జిల్లా విడిపోయి తిరుపతి వేరే జిల్లాకు ముఖ్యపట్టణమైంది గాని, మాకు మాత్రం ఆ డెబ్బై కిలోమీటర్లు పొరుగింటికి పోయి వచ్చినట్టే. పూతలపట్టు దాటి, చంద్రగిరి దాటితే కొండలు కనిపిస్తాయి. ఏడాదికొకసారి అమ్మను పాత కారులో ఎక్కించుకుని కొండకు పోవడం ఆనవాయితీ. కారు వయసు పాతికేళ్ళు, అమ్మ వయసు ఎనభై. ఇద్దరినీ తొందర పెట్టవద్దని మా ఆవిడ ప్రతిసారీ హెచ్చరిస్తుంది.

ఆ ఏడు దర్శనం బాగానే అయింది. చిక్కు దిగేటప్పుడు వచ్చింది. దిగే దారి 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు. 1974లో రెండోది వచ్చాక ఎక్కడానికి అది, దిగడానికి యిది అయినాయి. మలుపు వెంట మలుపు. రెండో గేరులో పెట్టి యాక్సిలరేటరు మీద కాలు తీస్తే, ఇంజనే బండిని పట్టి వుంచాలి. మా ఇంజను పట్టి వుంచే మాట అటుంచి, వెనకనుంచి ఎవరో తోస్తున్నట్టు ముందుకే లాగుతోంది. కాలు తీసినా రయ్యిమనే రొద తగ్గలేదు. ఇక బ్రేకే దిక్కు. కాసేపటికి కాలిన వాసన మొదలైంది. వెనక సీట్లో అమ్మ “గోవిందా, గోవిందా” అంటూ వుంటే అది భక్తో భయమో నాకు తెలియలేదు. దారి కాస్త వెడల్పుగా వున్న చోట ఆపి, బ్రేకులు చల్లారే దాకా కూర్చుని, మొదటి గేరులో నత్త నడక నడిపించి అలిపిరి చేరాను. చేరాక చూసుకుంటే నా చేతులు వణుకుతున్నాయి.

నిజానికి జబ్బు కొత్తది కాదు. ఆరు నెలలుగా బండి నిలబెట్టినా ఇంజను పరుగు తగ్గేది కాదు. ఒక షెడ్డులో చూపిస్తే ఐడ్లింగ్ స్క్రూ తిప్పి తగ్గించారు. మర్నాడు పొద్దున చల్లటి ఇంజను స్టార్టవడం, ఆగిపోవడం, స్టార్టవడం, ఆగిపోవడం! మళ్ళీ స్క్రూ తిప్పి పెంచారు. ఇంకొకరు పెట్రోలులో కల్తీ వుందన్నారు. వేరొకరు పాత బండి అమ్మేసెయ్యమన్నారు. అసలు రోగం ఎవరికీ అంతుబట్టలేదు.

అమ్మను తిరుపతిలో చుట్టాలింట దింపి, ఒక సందులోని షెడ్డుకు బండిని తీసుకుపోయాను. అక్కడి మేస్త్రీ పెద్దవాడు. ఏ పనిముట్టూ తీయలేదు. నడుస్తున్న ఇంజను మీదికి వంగి రేడియేటరు పైపును వేలితో తాకి, చురుక్కుమని చెయ్యి వెనక్కు తీసుకున్నాడు. ఆ తరువాత ఇంజనులోకి గాలి పోయే చోటికి వచ్చే చిటికెన వేలంత సన్నటి రబ్బరు పైపును పట్టుకుని, అలాగే వుండిపోయాడు.

“సామీ, దీన్ని పట్టుకోండి.”

పట్టుకున్నాను. చల్లగా వుంది!

“ఇంజను ఉడుకుతా వుండాది, దీంట్లోకి వేడినీళ్ళు రాలేదు. దారి పూడిపోయింది. ఏం నీళ్ళు పోస్తా వుండారు?”

“బోరు నీళ్ళు.”

“అవి మీరు తాగుతారా?”

“అబ్బే, ఉప్పునీళ్ళు గదా!”

“మీరు తాగని నీళ్ళు దానికెందుకు పోస్తిరి సామీ?”

నా దగ్గర జవాబు లేదు. అప్పుడు ఆయన చెప్పిన కిటుకు యిది. చల్లటి ఇంజనుకు తెల్లవారుజామున గాలీ పెట్రోలూ కాస్త ఎక్కువ కావాలి. అందుకు నా బండిలాంటి వాటిలో ఒక పక్కదారి వుంటుంది. దాన్ని మూసేది ఒక చిన్న డబ్బీలోని మైనం. ఇంజనులో కాగిన నీళ్ళు ఆ డబ్బీ చుట్టూ తిరిగితే మైనం ఉబ్బి, ఒక కడ్డీని తోసి పక్కదారిని మూస్తుంది. ఇంజను పరుగు దానంతటదే తగ్గుతుంది. నీళ్ళ దారి పూడితే యింకేముంది? ఇంజను సలసల కాగుతున్నా, మైనానికి మాత్రం యింకా తెల్లవారనే లేదు!

పూడ్చినదెవరు? మన నీళ్ళలోని సున్నమే. బోరు నీటిలో కరిగివున్న కాల్షియం బైకార్బొనేటు వేడి తగలగానే బొగ్గుపులుసు వాయువును వదిలి, కరగని కాల్షియం కార్బొనేటుగా మారి గోడలకు అంటుకుంటుంది. నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లటి పెచ్చు చూడలేదూ? అదే. ఆవిరయ్యేది నీరే గాని సున్నం కాదు. తగ్గిన కొద్దీ పోసిన ప్రతి చెంబుతోనూ కొత్త సున్నం లోపల చేరుతుంది. దానికి ఇంజను లోపలి తుప్పు తోడవుతుంది. పెద్ద పైపులు కొన్నేళ్ళు ఓర్చుకుంటాయి. సన్నటివే ముందు మూసుకుపోతాయి.

మా నాన్న కాలపు అంబాసిడరుకూ బావినీళ్ళే పోసేవారు. అందులో చోకు చేత్తో లాగేది, చేత్తో నెట్టేది. సున్నం పేరుకుంటే రేడియేటరు పొంగేదే గాని ఐడ్లింగ్ చెడేది కాదు. ఆ అలవాటును నేను యీ బండి మీద రుద్దాను.

మర్నాడు ఇంజను చల్లగా వున్నప్పుడు పని మొదలైంది. రేడియేటరు కింది నుంచి కాఫీ రంగు నీళ్ళు దిగినాయి. సన్నటి పైపును కోసి చూపిస్తే లోపల సుద్దముక్క! మైనపు డబ్బీ వున్న భాగాన్ని విప్పి, గోరువెచ్చని నీళ్ళలో నిమ్మఉప్పు కలిపి నానబెట్టాడు. ఇత్తడి బిందెకు చింతపండు ఎలాగో, సున్నానికి నిమ్మఉప్పు అలాగ. అయితే అల్యూమినియాన్ని పులుసులో ఎక్కువసేపు వుంచితే లోహాన్నే తింటుందని, బుడగలు తగ్గగానే తీసి బాగా కడిగేశాడు. నీళ్ళు వచ్చే దిక్కు నుంచి కాక, పోయే దిక్కు నుంచి గాలి కొట్టాడు. రెండుసార్లు ఏమీ కాలేదు. మూడోసారి తుపుక్కున బురద ముద్ద ఎగిరి నా చొక్కా మీద పడింది. అంత సంతోషంగా నేనెప్పుడూ చొక్కా పాడుచేసుకోలేదు.

రేడియేటరునూ ఇంజనునూ తేటనీరు వచ్చే దాకా కడిగి, కొత్త పైపులు, కొత్త థర్మోస్టాటు, కొత్త మూత వేశాడు. కూలెంటు సగం, డిస్టిల్డ్ వాటరు సగం పోశాడు. “మనకు మంచు పడదు గదా, కూలెంటు ఎందుకు?” అన్నాను. అది తుప్పును అడ్డుకుంటుంది, నీరు మరిగే వేడినీ పెంచుతుంది. తిరుమల సుమారు 850 మీటర్ల ఎత్తు. అక్కడ మామూలు నీరు దాదాపు 97 డిగ్రీలకే మరుగుతుంది. బిగించిన మూత, కూలెంటు కలిసి ఆ హద్దును పైకి జరుపుతాయి.

చివర లోపలి గాలిబుడగలు పోయే దాకా ఇంజను నడిపించాడు. బుడగ చిక్కుకున్నా యిదే జబ్బు తిరిగి వస్తుందట. ఇంజను బాగా వేడెక్కిన తరువాతే స్క్రూను సరిచేశాడు. రొద మెల్లమెల్లగా దిగి, కునుకు పట్టిన పిల్లవాడి ఊపిరిలా కుదురుకుంది.

మీ పాత బండికీ యిలాగే వుంటే స్క్రూ జోలికి పోకముందు నీళ్ళ సంగతి చూడండి. వేడి ఇంజను మీద రేడియేటరు మూత మాత్రం తీయవద్దు. కూలెంటు తియ్యగా వుండే విషం. పారబోసినది పిల్లలకూ కుక్కలకూ అందనివ్వకండి.

మరుసటి నెల అమ్మతో మళ్ళీ కొండకు పోయాను. దిగేటప్పుడు రెండో గేరులో కాలు తీస్తే, ఇంజను బండిని బుద్ధిగా పట్టుకుంది. అలిపిరి దగ్గర అమ్మ అన్నది:

“పోయినసారి గోవిందా అన్నది నా ప్రాణం కోసం నాయనా. ఈసారి స్వామి కోసం అన్నాను.”