పసివార్డుకు ప్రత్యేకమైన చదువు కావాలి

ఇంటర్ బైపీసీ ఫలితాలొచ్చాక గోదావరి జిల్లాల ఇళ్లలో ఎంబీబీఎస్ సీటుతో మొదలైన చర్చ, ర్యాంకు చూశాక చాలాసార్లు నర్సింగ్ దగ్గరికొచ్చి ఆగుతుంది. డాక్టరు సీటు రాకపోతే నర్సింగ్ అనుకోవడం ఆ వృత్తికి అన్యాయం. పిల్లల నర్సింగ్ విషయంలో అది పిల్లలకు కూడా అన్యాయమే. డాక్టరు రౌండ్సుకొచ్చి చూసి వెళ్లాక మిగిలిన గంటలన్నీ బిడ్డను కనిపెట్టుకుని ఉండేది సిస్టరే. ఈ పనిని ప్రత్యేక విద్యగా గుర్తించి, ఇష్టపడి ఎంచుకునే వృత్తిగా మలుచుకుంటేనే మన పసివార్డులు బాగుపడతాయి.

2020 నాటి నమూనా నమోదు వ్యవస్థ (ఎస్‌ఆర్‌ఎస్) లెక్కల ప్రకారం దేశంలో సజీవంగా పుట్టిన ప్రతి వెయ్యి మందిలో 28 మంది ఏడాది నిండకుండానే చనిపోయారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంఖ్య 24. దేశం లెక్కలో ఆ 28 మందిలో 20 మంది పుట్టిన 28 రోజుల్లోపే పోయారు. నెలలు నిండకుండా పుట్టడం, పుట్టగానే ఊపిరి అందకపోవడం, ఇన్‌ఫెక్షన్లు ఇందుకు ముఖ్య కారణాలు. బిడ్డను వెచ్చగా ఉంచడం, తల్లిపాలు అందేలా చూడటం, చేతుల శుభ్రత, ఆక్సిజన్ మోతాదును కనిపెట్టడం ఈ మరణాలను తగ్గిస్తాయి. ఇవన్నీ ప్రధానంగా నర్సు చేతిలోని పనులే. బరువు తక్కువగా పుట్టిన బిడ్డను తల్లి గుండెకు ఆనించి ఉంచే కంగారూ పద్ధతినే చూడండి. భారత్‌తో పాటు నాలుగు ఆఫ్రికా దేశాల్లో జరిపిన పరిశోధన ఫలితాలు 2021లో వెలువడ్డాయి. బిడ్డ పరిస్థితి కుదుటపడేదాకా ఆగకుండా పుట్టిన వెంటనే ఈ పద్ధతి మొదలుపెడితే తొలి 28 రోజుల మరణాలు నాలుగో వంతు తగ్గాయి. అయితే తల్లీబిడ్డలను ఒకేచోట ఉంచి రాత్రింబవళ్లు గమనించే నర్సులు లేకుండా ఆ ఫలితం రాదు.

వార్డులో నాలుగేళ్లు పనిచేస్తే ఏ నర్సయినా ఇది నేర్చుకోదా, ప్రత్యేక చదువెందుకు అని కొందరు అడుగుతారు. అనుభవం విలువైనదే, కానీ పిల్లల ఒంటి లెక్కలు వేరు. నిమిషానికి 45 సార్లు ఊపిరి తీయడం నెల బిడ్డకు మామూలే. దగ్గుతో ఉన్న మూడేళ్ల బిడ్డ అలా తీస్తుంటే న్యుమోనియాగా అనుమానించాలి. మందు మోతాదు కిలో బరువును బట్టి మారుతుంది, దశాంశ బిందువు ఒక స్థానం జరిగితే పది రెట్లు ఎక్కువ మందు పడుతుంది. నొప్పి ఎక్కడో బిడ్డ చెప్పలేదు, ఏడుపును, పాలు తాగే తీరును చూసి నర్సే పసిగట్టాలి. చదువుకూ ప్రాణరక్షణకూ సంబంధం ఉందనడానికి ఆధారం కూడా ఉంది. తొమ్మిది ఐరోపా దేశాల్లో ఆపరేషన్ చేయించుకున్న పెద్దవారిపై జరిపిన అధ్యయనం 2014లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. డిగ్రీ చదివిన నర్సులు ఎక్కువగా ఉన్నచోట మరణాలు తక్కువని, ఒక్కో నర్సుపై రోగుల భారం పెరిగేకొద్దీ మరణాలూ పెరిగాయని అది తేల్చింది. పెద్దవారి విషయంలోనే ఇలా ఉంటే, నోరులేని పసివారి విషయంలో జాగ్రత్త మరింత అవసరం కదా!

ఇందుకు దారి ఉంది. జీఎన్‌ఎం మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. బీఎస్సీ మూడో ఏడాదిలో పిల్లల ఆరోగ్య నర్సింగ్ ఒక పాఠ్యాంశం. ఆ తర్వాత అదే విభాగంలో రెండేళ్ల ఎమ్మెస్సీ గానీ, నవజాత శిశువుల సంరక్షణలో ఏడాది డిప్లొమా గానీ చేయవచ్చు. కాలేజీ ఎంచుకునేటప్పుడు భవనం కంటే అనుబంధ ఆసుపత్రిలో ప్రసూతి, పిల్లల వార్డులు ఎంత రద్దీగా ఉన్నాయో చూడాలి.

జీతం తక్కువ, నైట్ డ్యూటీలు ఎక్కువ అనే అభ్యంతరం నిజమే. సుప్రీంకోర్టు ఆదేశంతో ఏర్పడిన కమిటీ 2016లోనే ప్రైవేటు ఆసుపత్రుల్లో నర్సుకు కనీసం 20 వేల రూపాయలు, 200 పడకలు దాటినచోట ప్రభుత్వ నర్సుతో సమాన జీతం ఇవ్వాలని సిఫార్సు చేసింది. దాన్ని అమలు చేయించాల్సింది రాష్ట్రాలే. నేర్చినవారు విదేశాలకు వెళ్లిపోతారనే బెంగ కూడా ఉంది. మంచి బతుకు వెతుక్కునే హక్కు వారికుంది. వారిని నిలుపుకోవడం మన బాధ్యత.

రాజమహేంద్రవరం, ఏలూరుల్లో ప్రభుత్వ వైద్య కళాశాలలు 2023లో మొదలయ్యాయి. కాకినాడ పెద్దాసుపత్రికి రంపచోడవరం మన్యం నుంచీ, వరదొస్తే పడవే దిక్కయ్యే కోనసీమ లంకల నుంచీ బిడ్డలొస్తారు. నవజాత శిశు విభాగంలో ప్రతి షిఫ్టులో మూడు నాలుగు పడకలకు ఒక నర్సు ఉండాలని జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఈ ఆసుపత్రులన్నింటిలో ఆ నిష్పత్తిని పాటించాలి. నవజాత శిశు విభాగంలో శిక్షణ పొందిన నర్సును వేరే వార్డుకు మార్చకూడదు, ఆమె నైపుణ్యానికి తగ్గ హోదా, పదోన్నతి ఇవ్వాలి. అప్పుడు ఈ చదువును మన పిల్లలు మొదటి ఎంపికగానే కోరుకుంటారు.