మోకా పాట్ కాఫీ పలచగా వస్తోందా? పొడి నొక్కకండి, ముందు ఇవి చూడండి

ఏలూరు: గల్ఫ్ నుంచి సెలవుకు వచ్చినవాళ్ల పెట్టెలోనో, ఆన్‌లైన్ ఆర్డర్‌లోనో మోకా పాట్ ఇంటికి చేరుతుంది. నాలుగు రోజులయ్యాక ‘ఇదేం కాఫీ, రంగు నీళ్లలా ఉంది’ అంటూ అటక ఎక్కించేస్తారు. కొందరైతే చిక్కగా రావాలని పొడిని స్పూనుతో గట్టిగా కూరేస్తారు. మొదటిది డబ్బు దండగ, రెండోది ప్రమాదం.

ఎలా పనిచేస్తుంది?

ఈ పాట్‌ను 1933లో ఇటలీకి చెందిన అల్ఫోన్సో బియాలెట్టి మార్కెట్లోకి తెచ్చారు. ‘మోకా’ మాత్రం యెమెన్‌లోని అల్-మఖా రేవు పేరు. బాబా బుడన్ ఏడు గింజలు తెచ్చి చిక్కమగళూరు కొండల్లో నాటారని చెప్పుకునేదీ ఆ రేవు నుంచే. అడుగు గిన్నెలో నీళ్లు కాగితే ఆవిరి ఒత్తిడి ఆ నీళ్లను పొడి గుండా పైకి నెడుతుంది. మన ఫిల్టర్‌లో డికాషన్ చుక్కచుక్కగా దిగుతుంది. ఇక్కడ కాసేపట్లోనే అయిపోతుంది. అందుకే చిన్న తేడా వచ్చినా సారం దిగదు.

పలచనకు కారణాలు

పొడి సగమే వేయడం: గరాటు నిండా వేసి, పైన చదును చేస్తే చాలు. సగం వేస్తే నీళ్లు తేలికగా దాటిపోతాయి.

పొడి బరక: ఉప్మా రవ్వలా ఉంటే పలచన. మైదాలా ఉంటే దారి మూసుకుపోతుంది. సన్న ఉప్పులా ఉండాలి.

పెద్ద మంట: నీళ్లు ఒక్కసారిగా ఎగదన్నుతాయి. చిన్న బర్నర్ మీద, సన్న సెగన పెట్టాలి.

రబ్బరు వాషర్: మధ్యలో నుంచి ఆవిరి కారుతుంటే ఒత్తిడి పోతున్నట్టే. వాషర్ మార్చాలి.

పాలు ఎక్కువ: ‘3 కప్పులు’ అంటే మన గ్లాసులు కాదు. అక్కడి లెక్కలో కప్పు సుమారు 50 మి.లీ. మొత్తం 150 మి.లీ.ని ఆరుగురికి పాలు పోసి పంచితే చప్పగానే ఉంటుంది.

ప్యాకెట్ లెక్క

కాఫీ-చికోరీ మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలన్నది నిబంధన. మిగతా 49 శాతం దాకా చికోరీ ఉండొచ్చు. దాంతో రంగు నల్లగానే వస్తుంది, కానీ కాఫీ ఘాటు తగ్గుతుంది. 53 శాతం కాఫీ అని రాసిన 200 గ్రాముల ప్యాకెట్‌లో అసలు కాఫీ 106 గ్రాములే. రెండు ప్యాకెట్లు పోల్చేటప్పుడు ధరను 200తో కాకుండా 106తో భాగించి చూస్తే ఏది చవకో తేలిపోతుంది. తాడేపల్లిగూడెం, ఏలూరు లాంటి తేమ ఊళ్లలో పొడిని మూత బిగుతుగా ఉన్న స్టీలు డబ్బాలో పెట్టాలి. గాలి తగిలితే వాసన పోతుంది.

నీళ్లు కూడా చూడాలి

కొల్లేరు చుట్టుపక్కల చాలా ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. అలాంటి నీళ్లతో కాఫీ రుచి మొద్దుబారిపోతుంది. మరీ తగ్గించిన ఆర్‌వో నీళ్లతోనూ రుచి నిలవదు. కాఫీ నిపుణుల ప్రమాణం ప్రకారం టీడీఎస్ 150 దగ్గర ఉంటే మంచిది, 75 నుంచి 250 వరకు ఫర్వాలేదు.

ఇది మరిచిపోవద్దు

అడుగు గిన్నె పక్కనున్న చిన్న బుడిపె కుక్కర్ సేఫ్టీ వాల్వు లాంటిదే. నీళ్లు ఎప్పుడూ దాని కిందే ఉండాలి. పొడి కూరితే పైదారి మూసుకుపోతుంది, అప్పుడు ఆవిరికి మిగిలేది ఆ వాల్వు ఒక్కటే. ఉప్పు నీళ్ల తెల్ల పొర దాన్ని కూడా కప్పేస్తే పాట్ పేలే ప్రమాదం ఉంది. బోరు నీళ్లు వాడేవాళ్లు నెలకోసారి నిమ్మరసం కలిపిన నీళ్లను పొడి లేకుండా మరిగించి, తర్వాత శుభ్రంగా కడగాలి. పొయ్యి మీద పెట్టి చాలాసేపైనా కాఫీ పైకి రాకపోతే స్టవ్ ఆపేయండి. పూర్తిగా చల్లారే వరకు తిప్పి తెరవొద్దు.

అన్నీ ఒకేసారి మార్చకండి. ఈ రోజు మంట తగ్గించండి, రేపు పొడి మార్చండి. తప్పు ఎక్కడుందో అప్పుడే దొరుకుతుంది.