పాత స్పీకర్లు, చివికిన అంచులు

పాత స్పీకర్ల జతను కొనవచ్చినవాడు మొదట పెట్టె కొయ్యపనిని చూచును, పిదప పేరుపలకను చదువును, వెల విని బేరమాడును, తనకిష్టమైన పాట నొకదానిని పెట్టించుకొని తల యూపును. కాని ముందరి గుడ్డచట్రమును ఊడదీసి, మంద్రధ్వనిని పలుకు ఊఫరు చుట్టు నుండు అంచును వ్రేలితో ముట్టి చూచువాడు మాత్రము మిక్కిలి అరుదు. నలువది ఏబది సంవత్సరముల నాటి స్పీకరులో అన్నిటికంటె విలువైన అయస్కాంతము సామాన్యముగా చెడదు. కాగితపు కోను చినుగనంతవరకు చెడదు. లోపలి తీగచుట్ట కాలిపోవుట కలదు గాని, జనులనుకొనునంత తఱచుగా కాదు. చెడునది స్పాంజి అంచు, లేదా కోను వెనుక కదలాడుచుండు సన్నని జడతీగ, లేదా స్పీకరుతో నిమిత్తము లేక పెట్టె అడుగున ఎండిపోయియున్న కెపాసిటరు. ఇంతటి స్వల్పవస్తువు కొఱకు అసలు స్పీకరునే ఊడబెఱికి, అదే కొలతగల క్రొత్తదానిని తెచ్చి ఆ రంధ్రములో బిగించుట మన బజారులలో మరమ్మతు అనిపించుకొనుచున్నది. పెట్టెను మాత్రము మిగిల్చి వాద్యమును మార్చివేయుటకు ఆ పేరు తగదని నా యభిప్రాయము.

స్పీకరు నిర్మాణము తెలియనిదే దాని రోగము తెలియదు గనుక రెండు మాటలు చెప్పవలసియున్నది. 1925 లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ అను నిద్దఱు ఇంజనీర్లు ప్రకటించిన పద్ధతియే, పదార్థము లెన్ని మాఱినను, నేటి స్పీకర్లలో అధికభాగమునకు మూలము. లోహపు చట్రము వెనుక బలమైన అయస్కాంతము, దాని నడుమ వలయాకారమైన ఇఱుకు సందు, ఆ సందులో సన్నని రాగితీగ చుట్ట ఉండును. దీనినే మెకానిక్కులు కాయిలందురు. ఆంప్లిఫయరు నుండి వచ్చు విద్యుత్తు కాయిలులో ప్రవహించినపుడు అది అయస్కాంతక్షేత్రమునకు లోబడి ముందువెనుకలకు కదలును. తన కంటుకొనియున్న కోనును కదల్చును. కోను గాలిని కదల్చును. కాయిలునకును సందు గోడలకును నడుమనుండు ఎడము తఱచుగా అర మిల్లీమీటరునకు అటునిటుగా మాత్రమే ఉండును. కావున కోను ముందువెనుకల కెంత ఊగినను ప్రక్కకు రవంతయు జరుగరాదు. అట్లు జరుగకుండ దానిని పట్టియుంచునవి రెండు: వెనుక ముడతలు ముడతలుగా నుండు గుడ్డ స్పైడరు, ముందు కోనును చట్రమునకు కలుపు మెత్తని అంచు.

ఈ అంచునకు ఒక చరిత్ర కలదు. 1950 ప్రాంతమున ఇంటిలో గంభీరమైన మంద్రధ్వని వినవలెనన్న, గదిలో ఒక మూలనంతయు ఆక్రమించు పెట్టె కావలసియుండెను. న్యూయార్కు విశ్వవిద్యాలయమున ధ్వని పునరుత్పత్తిని గూర్చి బోధించుచుండిన ఎడ్గార్ విల్చూర్‌కు ఒక యూహ తోచెను: కోనును మరల స్వస్థానమునకు లాగు భారమును బిఱుసైన అంచున కప్పగింపక, గాలి చొఱకుండ మూసిన చిన్న పెట్టెలోని గాలికే అప్పగించినయెడల, ఆ గాలి లోహపు స్ప్రింగుకంటెను సమముగా పనిచేయును గదా యని. అందులకు అంచు మిక్కిలి మెత్తగా నుండవలెను. అట్టి స్పీకరు బజారులో లేదు. అపుడాయన ఒక స్పీకరు బిఱుసు అంచును కోసివేయగా, ఆయన భార్య పరుపులకు వాడు గుడ్డతో మెత్తని అంచును కుట్టియిచ్చెను. ఆ ప్రయోగము ఫలించిన మీదట 1954 లో మసాచుసెట్స్ రాష్ట్రమునందలి కేంబ్రిడ్జిలో, తన శిష్యుడైన హెన్రీ క్లాస్‌తో కలిసి ఆయన అకౌస్టిక్ రీసెర్చ్ (ఏఆర్) అను సంస్థను నెలకొల్పెను. మొదట ఏఆర్-1, 1958 లో తారధ్వనిని పలుకు గుమ్మటపు ట్వీటరుతో ఏఆర్-3, 1967 లో ఏఆర్-3ఏ వెలువడినవి. ఒక పుస్తకాల బీరువా అరలో ఇముడు పెట్టెల నుండి అంతటి మంద్రము వెలువడుట అప్పటివారికి వింతయే.

తొలినాటి ఏఆర్ ఊఫర్లకు గుడ్డ అంచులే ఉండెడివి. 1970 ప్రాంతమున ఆ సంస్థ పాలియురిథేన్ స్పాంజి అంచునకు మాఱెను. అదే దశకమున ఇంగ్లండులోని టానాయ్ మొదలుగాగల కంపెనీలును ఆ త్రోవనే పట్టినవి. స్పాంజి తేలిక, మెత్తన, తయారీకి సులభము. ఎంతకాలము మన్నునని మాత్రము అప్పు డెవ్వరును గట్టిగా అడిగినట్లు కానరాదు. గాలిలోని తేమయు, ప్రాణవాయువును, వెలుతురును దాని యణుబంధములను క్రమముగా త్రెంచుచుండును. పది పదునైదు సంవత్సరములకు అది జిగటబడును, ఇరువదియేండ్లు దాటునప్పటికి ముట్టిన పొడియై రాలును. వాడినందువలన మాత్రమే చెడునను భ్రమ పలువురికి కలదు గాని, అట్టపెట్టె విప్పక దాచిన స్పీకరు అంచును దాచినచోటనే చివికిపోవును. సముద్రతీరపు పట్టణముల ఉక్కపోత ఈ క్షయమును మఱింత త్వరపఱచును. రబ్బరు అంచు ఇంతకంటె చాలకాలము నిలుచును, నిలిచినను కొన్నిట బిఱుసెక్కును. గుడ్డ అంచు చినుగదు; దానిపై పూసిన జిగట లేపనము ఎండి, గాలి కాఱుటకు మొదలిడును.

పరీక్షకు పెద్ద యంత్రము లక్కఱలేదు. మల్టీమీటరు, 1.5 వోల్టుల బ్యాటరీ, టార్చిలైటు, పది వ్రేళ్ళు చాలును. పెట్టె నుండి తీగలు విప్పిన పిదప ఊఫరు కొసలపై మీటరు నుంచినచో, 8 ఓములని వ్రాసియున్న స్పీకరు సుమారు 6 ఓములను, 4 ఓములది సుమారు 3 ఓములను చూపవలెను. 8 కి 8 చూపలేదని కంగారుపడ నక్కఱలేదు, వ్రాసిన అంకె ఏకముఖ విద్యుత్తునకు సంబంధించినది కాదు. మీటరు ఏమియు చూపనియెడల ఎక్కడనో తీగ తెగినదని యర్థము. బ్యాటరీని క్షణకాలము తాకించినపుడు ధనధ్రువము ధనమునకు చేరిన కోను ముందునకు వచ్చుట సర్వసాధారణము. పాతకాలపు జేబీఎల్ స్పీకర్లు మాత్రము దీనికి వ్యతిరేకముగా వెనుకకు పోవును. ఇది తెలియని మెకానిక్కులు వాని తీగలను తాఱుమాఱు చేసి మంచి జతను చెడగొట్టుట కలదు. ఇక వ్రేళ్ళ పని: కోనుపై నాలుగువైపుల సమముగా వ్రేళ్ళనుంచి మెల్లగా లోనికి నొక్కి విడువవలెను. ఏ చప్పుడును లేక కదలినచో కాయిలు క్షేమము. గరగరమని గీచుకొన్నచో కాయిలు సందు గోడకు రాచుకొనుచున్నది.

ట్వీటరు మూగవోయినదని పెక్కుమంది తీర్పు చెప్పు సందర్భములలో ట్వీటరు నిర్దోషి యగుట ఏఆర్ స్పీకర్ల విషయమున నిత్యానుభవము. ఆ పెట్టెల వెనుక హెచ్చుతగ్గులకై రెండు త్రిప్పుడు మీటలు కలవు. వాని లోపలి తీగచుట్టలకు కిలుము పట్టి విద్యుత్తు ఆగిపోవును. మీటను పదిమార్లు అటునిటు త్రిప్పినపుడు బరబరమని ట్వీటరు పలికెనా, ఆ కిలుమును శుభ్రపఱచుటయో మీటను మార్చుటయో చాలును. ఏండ్లు గడచిన కెపాసిటర్లును ఇట్టి మోసమే చేయును. ఇవి చూడకయే ట్వీటరును మార్చినవారు రెండవ ట్వీటరును గూడ నిందింతురు.

అంచు మార్చుట ఓపికతో కూడిన పని గాని రహస్యవిద్య కాదు. పాత స్పాంజి యవశేషమును తీయుటయే సగము శ్రమ: ఆ నల్లని జిగట గోళ్ళలో దూరును, చొక్కా కంటినచో వదలదు. ఐసోప్రొపైల్ ఆల్కహాలులో తడిపిన గుడ్డను కోను అంచుపై నద్ది, మెత్తబడనిచ్చి, మొద్దుకత్తితో లోపలి నుండి వెలుపలికి కొంచెము కొంచెముగా గీకవలెను. కాగితపు కోను దీనికి ఓర్చుకొనును. కాని కోను లన్నియు కాగితము కావు. 1970 లలో బీబీసీ ఇంజనీర్లు రూపొందించిన ఎల్ఎస్ 3/5ఏ స్పీకరులోని కేఈఎఫ్ బీ110 ఊఫరు కోను బెక్స్‌ట్రీన్ అను ప్లాస్టిక్కు, అట్టిదానికి ఆల్కహాలునకు బదులు అసిటోను తగిలెనా కరిగిపోవును.

అటుపిమ్మట క్రొత్త అంచు. దీనిని కొనునపుడు 12 అంగుళములని చెప్పి తెచ్చుకొన్న చాలదు. కోను వ్యాసము, ఉబ్బు వెడల్పు, చట్రము లోకొలత మూడును కొలిచి తేవలెను. మెత్తదనము అంతకంటె ముఖ్యము. విల్చూర్ భార్య కుట్టిన గుడ్డ ఏ గుణము కొఱకు కుట్టబడినదో ఆ గుణమే లేని బిఱుసు అంచును అతికించినచో ఏఆర్ ఊఫరు పలుకునే గాని మంద్రము కుంగిపోవును. కోను మధ్యనుండు గుండ్రని మూతను పదునైన బ్లేడుతో చుట్టు కోసి తీసి, కాయిలునకును నడిమి ఇనుపస్తంభమునకును మధ్య ఎక్స్‌రే ఫిల్ము పేలికలను నాలుగువైపుల సమముగా చొనిపినచో కాయిలు కేంద్రమున స్థిరపడును. అపుడు అంచును మొదట కోనునకు అతికి ఆఱనిచ్చి, తరువాత చట్రమునకు అతికి, బట్టల క్లిప్పులతో చుట్టు పట్టించి, ఒక రాత్రి కదల్పక ఉంచవలెను. ఉదయమున పేలికలను లాగివేసి, వ్రేళ్ళతో నొక్కి విని, గీరుడు లేదని నిశ్చయించుకొన్న పిదపనే మూతను మరల అతికింపవలెను. మూత కోయుటకు మనసొప్పనివారు, చట్రపు జిగురు ఆఱకముందే స్పీకరునకు 30 హెర్ట్జుల మంద్రస్వరమును తక్కువ శబ్దముతో పెట్టి, గీరుడు మాయమగు చోటికి కోనును వ్రేళ్ళతో జరుపుకొని సరిచూచుకొందురు. మూసిన పెట్టెలో బిగించిన పిదప ఊఫరును మెల్లగా నొక్కి విడిచినపుడు అది నిదానముగా వెనుకకు రావలెను. తటాలున ఎగిరివచ్చినచో ఎక్కడనో గాలి కాఱుచున్నది.

ఇక్కడ జిగురును గూర్చి కొంచెము కటువుగా మాటాడక తప్పదు. ఆఱిన తరువాతను మెత్తగా వంగు జిగురు కావలెను. క్షణములో పట్టు జిగురు గాజువలె పెళుసై పగులును. సిలికాన్ సీలంటు బరువును చేర్చును, దానిపై మఱి ఏ జిగురును పట్టదు, పుల్లని వాసనవచ్చు రకము వెలువరించు ఆమ్లవాయువు రాగిని తినివేయును. చినిగిన అంచుపై రబ్బరు సొల్యూషను పూసి, పైన నల్లరంగు వేసి, అమ్మకమునకు పెట్టిన స్పీకర్లను కొన్నవాని గతి ఏమని చెప్పుదును! కాలము చేసిన చెఱుపును బాగుచేయుట సులభము. మునుపటి మరమ్మతుదారు చేసిన చెఱుపును బాగుచేయుట కష్టము.

మీటరు తీగ తెగినదని చెప్పినపుడు కాయిలును నిందించుటకు పూర్వము జడతీగలను చూడవలెను. చట్రపు కొసల నుండి కోను వెనుకకు పోవు ఈ తీగలు నూలుపోగుపై సన్నని లోహపు రేకును చుట్టి అల్లినవి. లక్షలమార్లు వంగి వంగి, కోను దగ్గఱ నల్లని జిగురుచుక్క క్రిందనే తఱచుగా తెగును. మీటరు కొసలను పట్టియుంచి జడతీగను మెల్లగా కదల్చినపుడు అంకె వచ్చి పోవుచున్నచో రోగము దొరికినట్లే. జిగురుచుక్కను గీకి, క్రొత్త జడతీగకు త్వరగా టంకము పెట్టి, కోను ఊగుటకు వలసినంత వదులుంచవలెను. మామూలు రాగితీగను టంకించినచో కొలదినాళ్ళలోనే అది విఱుగును.

కాయిలు రాచుకొనుటకు హేతువులు వేఱు. సందులో ఇనుపరజను చేరినచో జిగురుటేపును మడచి లోనికి దించి తీయవచ్చును. ఏండ్లతరబడి ఒకే స్థితిలో బిగించియుండుటచే స్పైడరు క్రిందికి జాఱినచో, ఊఫరును విప్పి పైభాగము క్రిందికి వచ్చునట్లు త్రిప్పి బిగించుటయే కొన్నిట చికిత్స. పెట్టె పడిపోయి అయస్కాంతము జరిగినను, కాయిలు వేడికి ఉబ్బినను ఇంటివైద్యము లేదు. రీకోనింగు చేయువారి యొద్దకు పంపవలెను, వారు కోనును, కాయిలును, స్పైడరును కలిపి మార్తురు. ఆంప్లిఫయరు పంపు శక్తిలో సుమారు నూటికి ఒక పాలు మాత్రమే ధ్వనిగా మాఱి, తక్కినదంతయు కాయిలులో వేడియగుచుండగా, కాయిళ్ళు ఇంతకాలము బ్రదుకుటయే ఆశ్చర్యము.

ట్వీటర్లను గూర్చి ఎక్కువ చెప్పవలసినది లేదు. చిన్న ఆంప్లిఫయరును దాని శక్తికి మించి అఱపించినపుడు పుట్టు వికృతధ్వనియే వానిని ఎక్కువగా కాల్చును. 1970 ల తరువాతి కొన్నిట సందులో పోసిన అయస్కాంతద్రవము ఎండి జిగురైనచో, సందును తుడిచి క్రొత్త ద్రవము పోయుటతో స్వరము తిరిగివచ్చును. మన మైకుసెట్టువారు గుడి హారనులలో యూనిట్ కాలినపుడు పలుచని డయాఫ్రముతోకూడిన కాయిలును మాత్రమే మార్చి మిగిలినదానిని దశాబ్దములు వాడుదురు; గృహస్పీకర్ల విషయమున ఆ బుద్ధి మనకు కొఱవడినది.

హైదరాబాదు ఎఱ్ఱగడ్డలో ఆదివారమునాడు జరుగు పాతసామాను సంతలోనో, మఱియెక్కడనో ఇట్టి జత దొరికినవారికి ఒక విన్నపము. అంచు పోయినదన్న మిషతో వెల తగ్గించి కొనుడు, కాని అసలు ఊఫర్లు లేని అందమైన పెట్టెను కొనకుడు. అంచు ఒకదానికే చెడినను రెండింటికిని ఒకేసారి, ఒకే రకముతో మార్పింపుడు. మార్చిన సంవత్సరమును, వాడిన అంచు కొలతను, జిగురు పేరును ఊఫరు వెనుక పెట్టె లోగోడపై పెన్సిలుతో వ్రాసి యుంచుడు. క్రొత్తగా వేసిన స్పాంజియు పదునైదు ఇరువది యేండ్లకు మరల మార్పు కోరును, అప్పుడు ఆ పెట్టెను విప్పువానికి ఆ వివరము లక్కఱకు వచ్చును.