జేబులోని యాయుధము

నల్లగొండ, పాలమూరు సీమలలో ఆయుధమన్నది చిరకాలము నలుగురి కంటబడుటకే చేతికెక్కినది. దేశముఖుల గడీల ముందర కావలివారు భుజమున మోసిన తుపాకులైనను, ఆ గడీల కెదురు నిలిచి ‘సంగం’ పేర ఏకమైన పల్లెజనము చేబూనిన గుత్పలును వడిసెలలునైనను, దూరమునుండియే చూచి యెదుటివాడు నిలిచిపోవలెనను నుద్దేశముతోనే ధరింపబడినవి. అప్పటి నల్లగొండ జిల్లాలోని కడవెండిలో 1946 జూలై 4వ తేదీన విసునూరు దేశముఖు మనుషుల కాల్పులకు దొడ్డి కొమరయ్య నేలకొరిగిన నాటినుండి, 1951 అక్టోబరులో తెలంగాణ సాయుధపోరాటము విరమింపబడిన నాటివరకును, బర్మారు తుపాకి పట్టినవారును, పిదప రైఫిలు పట్టినవారును, ఊరి పక్షముననో దళము పక్షముననో పట్టినవారే గాని, తమ యొక్కరి ప్రాణము కొరకై దానిని చొక్కా మడతలలో దాచుకొన్నవారు అరుదు.

నేడు ఈ జిల్లాలలో లైసెన్సు కొరకు దరఖాస్తు పెట్టువాని మనస్సులో నున్న ఆయుధము అట్టిది కాదు. మిర్యాలగూడ బియ్యపు మిల్లులలోనో, హైదరాబాదు-విజయవాడ రహదారి ప్రక్కన పెట్రోలు బంకులోనో ప్రొద్దుగ్రుంకిన పిమ్మట డబ్బు లెక్కించుకొని యింటికి మరలువాడును, భూముల తగాదాలలో బెదిరింపులకు గురియైనవాడును కోరునది అరచేతిలో ఒదిగి, జేబులో ఇమిడి, ప్రక్కనున్నవానికి సైతము జాడ తెలియని చిన్న రివాల్వరు. ఆ భయమును నేను తక్కువచేసి పలుకజాలను. 2001 డిసెంబరులో దేవరకొండ శాసనసభ్యుడు రాగ్యానాయక్, 2005 ఆగస్టు 15న నారాయణపేటలో మక్తల్ శాసనసభ్యుడు చిట్టెం నర్సిరెడ్డి, ఆయనతో పాటు ఆయన కుమారుడును మరికొందరును నక్సలైట్ల తూటాలకు బలియైన దినములను చూచిన జనమిది. అయినను ఆ విషాదములే మరియొక సత్యమును గూడ చెప్పుచున్నవి: సంసిద్ధుడై వచ్చి ముందుగా కాల్చువాని యెదుట, జేబులోనుండి చేయి వెలికి వచ్చులోగానే సర్వము ముగియగలదు. చిన్న రివాల్వరు సర్వరక్షయని నమ్మి కొనువాడు వట్టి నమ్మకమునే కొనుచున్నాడు. ఒకానొక సన్నిహితమైన అపాయమున, కొన్ని గజముల దూరమున, మరి యే దారియు లేనపుడు మాత్రమే పనికివచ్చు సాధనమని యెరిగి కొనువానితోనే మనకు పని.

మన దేశమున పౌరునికి లభ్యమగు చిన్న రివాల్వర్లు చాలవరకు ప్రభుత్వ కర్మాగారముల నుండియే వచ్చుచున్నవి. ఆంగ్లేయుల వెబ్లీ రివాల్వరు అడుగుజాడలలో కాన్పూరున తయారైన .32 రివాల్వరు చిరపరిచితము; దాని మెడవద్ద గడియ విప్పినచో గొట్టము ముందునకు వంగి, కాలిన తూటాల గుల్లలు తామే పైకి లేచును. 2014 జనవరిలో, ఢిల్లీ సామూహిక అత్యాచారమునకు బలియైన యువతి స్మృతితో, స్త్రీల రక్షణకని ‘నిర్భీక్’ వెలువడినది. టిటానియం మిశ్రలోహముతో చేసిన ఆ .32 రివాల్వరు బరువు 500 గ్రాములు, నాటి వెల రమారమి 1,22,000 రూపాయలు. నగలపెట్టె వంటి పెట్టెలో పెట్టి యిచ్చిరి. కూలికి పోవు పాలమూరు స్త్రీకి ఆ వెల యెంత దూరపుదో వేరుగా చెప్పనక్కరలేదు. ఎవరి రక్షణకని పేరు పెట్టిరో వారిలో అత్యధికులకు అందని వస్తువది. ఇషాపూరు కర్మాగారము చేసిన .22 ‘నిడర్’ దానికంటెను తేలిక, ఇంచుమించు 250 గ్రాములు. 2021 అక్టోబరు 1న ఆయుధ కర్మాగారముల బోర్డు ఏడు కంపెనీలుగా విడిన తరువాత, కాన్పూరు కంపెనీ 2023 ఆగస్టులో ‘ప్రబల్’ను వెలువరించినది, సిలిండరు ప్రక్కకు తెరచుకొనునట్టిది, బరువు 700 గ్రాములు, గొట్టము 76 మిల్లీమీటర్లు.

ఈ యంకెలను చదివినవాని చూపు మొట్టమొదట తేలికదానిపైననే నిలుచును. నా వ్యాసమున ప్రధానముగా చెప్పదలచిన మాట ఇచ్చటనే యున్నది: ఆయుధము చిన్నదగుకొలది దానిని వాడుట సులువు కాదు, కఠినమగును. ఒకే తూటాను, సగము బరువున్న తుపాకి నుండి కాల్చినచో, వెనుకకు తన్ను వేగమును, ఆ తాకిడిలోని శక్తియు రెండింతలగును. ఆ తాకిడి యంతయు పిడిని చుట్టిన రెండు మూడు వ్రేళ్ళమీదనే పడును, ఏలయన చిన్న పిడిపై చిటికెన వ్రేలికి చోటుండదు. లక్ష్యమును సరిచూచుకొను ముందరి మొనకును వెనుక గాడికిని నడుమ దూరము పది సెంటీమీటర్లే యైనపుడు, ఆ పొందికలో ఒక్క మిల్లీమీటరు తేడా వచ్చినను పది మీటర్ల దూరమున గుండు పది సెంటీమీటర్లు ప్రక్కకు పోవును. ఆ దూరమే అరవై సెంటీమీటర్లున్న రైఫిలుతో అదే పొరపాటునకు రెండు సెంటీమీటర్ల తేడా కూడ రాదు. ఇంతటితో తీరలేదు. సుత్తిని ముందుగా లాగి నిలుపక, ట్రిగ్గరు నొక్కుతోనే సుత్తి లేచి, సిలిండరు తిరిగి, తూటా ప్రేలునట్టి రివాల్వర్లలో ఆ నొక్కునకు సాధారణముగా నాలుగైదు కిలోల బలము కావలెను. అరకిలో వస్తువును నాలుగైదు కిలోల బలముతో లాగు చూపుడువ్రేలు, గొట్టము మొనను కదలింపకుండ ఉండుట యభ్యాసమువలన తప్ప సాధ్యము కాదు. అయినను ఆ బరువైన నొక్కు శత్రువు కాదు. జేబులో నున్న ఆయుధము అనుకోకుండ ప్రేలకుండుటకు ప్రధానమైన కాపు అదియే. దానిని తేలికపరచుటకు స్ప్రింగులను కత్తిరింపించు వారున్నారు. అది తెలిసి తెలిసి తొడపైననే అపాయమును పెట్టుకొనుట.

కావున నన్నడుగువారికి నేను చెప్పునది: 250 గ్రాముల ముచ్చటను విడిచి, చేతి కొలతకు పిడి సరిపడు, కొంత బరువున్న .32 నే యెన్నుకొనవలెను. అంగడిలో, వర్తకుని యనుమతితో, సిలిండరు ఖాళీయని ఇరువురును చూచుకొన్న తరువాత, చేత బట్టి పరీక్షింపవలెను. వ్రేలి తుదిమెత్త ట్రిగ్గరును నిండుగా చేరుచున్నదా? పది మారులు నొక్కినను మణికట్టు వణకకున్నదా? సుత్తి వెనుకకు లాగియున్నపుడు సిలిండరు ఊగిసలాడక బిగువుగా నిలుచుచున్నదా? సుత్తికి వెలుపల కొమ్మువంటి మొన యున్నచో అది లాల్చీ జేబు దారములలో చిక్కి, తీయవలసిన క్షణమున రాకపోవచ్చును. ఆ మొన కప్పబడిన మోస్తరే జేబునకు మేలు. పాతకాలపు రివాల్వరైనచో, సుత్తి క్రింది గది తూటాతో నిండియుండగా నేలబడిన ప్రేలునో ప్రేలదో నేర్పరియైన మరమ్మతుదారుని చేత తేల్చుకొనవలెను. సుత్తికిని తూటాకును అడ్డముగా నిలుచు లోపలి కాపుపట్టీ లేని పక్షమున, ఆ గదిని ఖాళీగా నుంచుటయే పూర్వులు పాటించిన పద్ధతి.

జేబులో ఉంచుట యన్నది వేరొక విద్య. 2016 నాటి ఆయుధ నిబంధనలు బహిరంగస్థలమున చేతి తుపాకిని హోల్స్టరులో నుంచి, పూర్తిగా కప్పి, తన అదుపులో నుంచుకొనవలెనని విధించుచున్నవి. చూపి బెదరించుట, ఊరక కాల్చుట నిషిద్ధములు. కనుక దాచుట యిచ్చట కుయుక్తి కాదు, చట్టము కోరిన మర్యాద. హోల్స్టరు ట్రిగ్గరును నిండుగా కప్పవలెను, తుపాకిని వెలికితీసినపుడు తాను జేబులోనే నిలిచిపోవలెను. ఆ జేబున మరి యేదియు, తాళపుచెవిగాని చిల్లరనాణెముగాని వక్కపలుకుగాని ఉండరాదు. ట్రిగ్గరు చట్రములో దూరిన ఒక్క తాళపుచెవి చాలును. వెనుకజేబు వలదు: కూర్చుండినపుడు గొట్టము ఎటు తిరుగునో యెరుగలేము. నడుమున ఊరక దోపుకొనుట మరియు వలదు.

వైశాఖమాసపు మధ్యాహ్నము గద్వాలలోనో దేవరకొండలోనో తిరిగినవారికి చెమట యన నేమో తెలియును. ఒంటి నానుకొని యున్న ఉక్కుపై ఆ ఉప్పునీరు ఒక్క దినములో త్రుప్పు చుక్కలు పెట్టును; తోలు హోల్స్టరులో నెలల తరబడి నిలువయున్న తూటాల ఇత్తడి చిలుము పట్టి, గదిలో చిక్కుకొని, సిలిండరు తిరుగుటకే అడ్డపడును. జేబు దూదిపొట్టు, ఎర్రచెలకల దుమ్ము సుత్తి క్రింద చేరును. ప్రతి సాయంకాలము పొడిగుడ్డతో తుడిచి, వారమున కొకమారు పలుచని నూనె పూత యిచ్చి, మిగులు నూనెను మరల తుడిచివేయవలెను. నూనె యధికమైన తూటా అడుగుననున్న మందులోనికి ఇంకి, అవసరమైనపుడు ప్రేలక మొండికేయును. జేబులో మోసిన తూటాలను ఏటేట అభ్యాసమున కాల్చి, క్రొత్తవి నింపుట మంచిది.

ఇక చేతిలోనికి తీసికొన్న తరువాతి సంగతి. ప్రతి తుపాకియు నిండియున్నదనియే భావింపవలెను. సిలిండరు తెరచి ప్రతి గదిని కంటితో చూచి, వ్రేలితో తడిమి, అప్పటికిని నిండియున్నదన్నట్లే పట్టవలెను. నాశనము కాదగని దేనివైపునకును గొట్టము తిరుగరాదు. కాల్చ నిశ్చయించిన క్షణము వరకు వ్రేలు ట్రిగ్గరునకు వెలుపలనే చట్రముపై చాపియుండవలెను. లక్ష్యము వెనుక ఏమున్నదో యెరుగవలెను, మన ఊళ్ళ ఇరుకు సందులలోను బస్టాండులలోను ఆ వెనుక నుండునది తరచు మరియొకరి బిడ్డ. చిన్న రివాల్వరునకు ప్రత్యేకమైన జాగ్రత్త యొకటి కలదు: సిలిండరునకును గొట్టమునకును నడుమనున్న సన్నని సందునుండి ప్రేలిన మందు యొక్క వేడిగాలి కత్తివలె ప్రక్కలకు చిమ్మును, పట్టుకొనుటకు చోటు చాలక రెండవ చేతి బొటనవ్రేలు ముందునకు జరిగినచో అది కాలి చీలిపోవును. రెండు బొటనవ్రేళ్ళును సిలిండరునకు వెనుకనే యుండవలెను. నొక్కినను ప్రేలనిచో వెంటనే తెరవరాదు. గొట్టమును క్షేమమైన దిక్కున నిలిపి అరనిమిషమైనను ఆగవలెను, ఆలస్యముగా ప్రేలు తూటాలును కలవు. అభ్యాసము అనుమతిగల ఫైరింగు రేంజిలోనే గాని, పొలముగట్టున కాదు, చెరువుకట్టపై మొదలే కాదు. నీటిపైనను రాతిపైనను పడిన గుండు ఎగసి దిక్కు మార్చును.

చట్టపు గీతలలో ఈ సీమవాసికి ప్రత్యేకముగా తగులునది సరిహద్దు. 1959 నాటి ఆయుధ చట్టము క్రింద జిల్లాలలో లైసెన్సు నిచ్చునది కలెక్టరు, కమిషనరేటు గలచోట పోలీసు కమిషనరు. 2019 సవరణ పిమ్మట లైసెన్సు గడువు మూడేండ్ల నుండి అయిదేండ్లకు పెరిగినది, ఒకరి పేర నుండదగు తుపాకులు మూడింటి నుండి రెంటికి తగ్గినవి. అయితే ఆ లైసెన్సు ఎంత మేర చెల్లునో కాగితముపై వ్రాసియుండును. 2014 జూన్ 2 వరకు అలంపురము నుండి తుంగభద్ర దాటి కర్నూలు పోవుట ఒకే రాష్ట్రములో పోవుట. నాగార్జునసాగరము ఆనకట్ట దాటి మాచర్ల పోవుటయు నంతే. నేడు తెలంగాణకే పరిమితమైన లైసెన్సుతో జేబులో రివాల్వరుండగా ఆ సరిహద్దు దాటినవాడు, పెండ్లికి పోవుచున్నను, నేరస్థుడే యగును. మక్తల్ దాటి రాయచూరు పోవువాడును అట్లే. ఎన్నికల వేళ అధికారులు కోరినచో ఆయుధమును ఠాణాలో అప్పగించి రశీదు పుచ్చుకొనవలెను. బరాత్‌లో గాలిలోనికి కాల్చుట 2019 నుండి ప్రత్యేకమైన నేరము. రెండేండ్ల వరకు కారాగారము, లక్ష రూపాయల వరకు జుర్మానా, లేదా రెండును. త్రాగినవాని జేబులో ఆయుధ ముండరాదను మాటకు ఏ చట్టమును అక్కరలేదు.

ఇంటికి వచ్చిన పిమ్మట రివాల్వరు జేబునుండి తాళము వేసిన ఇనుపబీరువాలోనికి పోవలెను, తూటాలు వేరొక తాళము క్రిందికి. తలగడ క్రింద పెట్టువారు తమకు నిద్ర వచ్చునపుడు పిల్లలకు మెలకువ యుండునని మరచుచున్నారు. ఇంటిలో ఒకరి మనస్సు అప్పులవలననో మరి యే దుఃఖమువలననో కుంగియున్నపుడు, ఆ ఆయుధమును తూటాలతో సహా ఇల్లు దాటించి, ఠాణాలోనో లైసెన్సుగల వర్తకుని వద్దనో భద్రపరచుటకు ఒక్క పూటయు ఆలసింపరాదు. పంట పోయిన ఏడు ఎట్టిదో యెరిగిన ఈ జిల్లాలలో ఇది నేను మిక్కిలి వేడికోలుతో వ్రాయుచున్న వాక్యము.

తుదకు, దాచి మోసినవాడు గతించిన నాడు ఆ దాచిన వస్తువు ఏమగును? లైసెన్సు వానితోనే ముగియును. ఆస్తివలె దిగివచ్చునది కాదు. బీరువా తెరచి దానిని చూచిన భార్యయో కొడుకో, తెలియకయే, లైసెన్సు లేని ఆయుధము నుంచుకొన్నవారగుదురు. వెంటనే ఠాణాలోగాని వర్తకుని వద్దగాని నిక్షేపము చేసి, వారసులలో ఒకరు తమ పేర దరఖాస్తు చేసికొనవచ్చును. డెబ్బది యేండ్లు నిండినవాడు, లేదా ఇరువదియైదేండ్లు ఆయుధమును పోషించినవాడు, తాను జీవించియుండగనే వారసునకు మార్చుకొనుటకు 2016 నిబంధనలు దారి చూపినవి. ఆ వయస్సున నున్నవారు లైసెన్సు పుస్తకము, కొనుగోలు రశీదు, బీరువా తాళము ఎక్కడనున్నవో ఇంటివారికి ఈ వారముననే చెప్పి, వారసుని వెంటబెట్టుకొని కలెక్టరు కార్యాలయమునకు పోవుదురు గాక.