నొప్పికీ లింగభేదమున్నదా?

తెలుగులో “నొప్పి” అందరిదీ. విశేషణమేదీ లేకుండా “నొప్పులు” అంటే మాత్రం అది స్త్రీకే చెందిన మాట. “కోడలికి నొప్పులు వస్తున్నవి” అన్న తరువాత ఎవరూ మరో ప్రశ్న వేయరు. ప్రసవవేదనను ఆమెకు సహజమని ఎంచిన లోకం, ఆమె తక్కిన బాధలను కూడా అదే ఖాతాలో వ్రాసుకున్నది.

జంషెడ్‌పూర్ చరిత్ర ఇందుకొక సాక్ష్యం. అక్కడి ఉక్కు కర్మాగారం దేశంలో శాసనాలు రాకముందే 1912లో ఎనిమిది గంటల పనిదినాన్ని, 1915లో ఉచిత వైద్యాన్ని, 1920లో ప్రమాద పరిహారాన్ని, 1928లో ప్రసూతి సహాయాన్ని ప్రవేశపెట్టినది. ఆ కాలానికి ఇది సామాన్యమైన ఔదార్యం కాదు. అయినా చూడండి: పురుషుని నొప్పి ప్రమాదంగాను, స్త్రీ నొప్పి ప్రసవంగాను లెక్కకెక్కినవి. ఈ రెంటికీ నడుమ నున్నది, అనగా బిందెలు మోసి వంగిన నడుము, నెలనెలా మెలిపెట్టే కడుపు, అర్ధరాత్రి వేధించే పార్శ్వపునొప్పి, ఏ పద్దులోనూ చేరలేదు.

ఇది మన దేశపు లోపమే అనుకోనక్కరలేదు. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఒక ఆసుపత్రి అత్యవసర విభాగానికి కడుపునొప్పితో వచ్చినవారిని పరిశీలించి 2008లో ఫలితాలు ప్రకటించారు. నొప్పి తీవ్రత ఇరువురిదీ ఇంచుమించు సమానమే. కాని మందు అందడానికి పురుషులకు 49 నిమిషాలు పడితే, స్త్రీలకు 65 నిమిషాలు పట్టినది. అంతకు ముందు, 1990లో వెలువడిన మరొక పరిశీలన ఇంకా విచిత్రమైనది: గుండెకు బైపాస్ శస్త్రచికిత్స జరిగిన పిమ్మట పురుషులకు నొప్పి తగ్గించే మందులు, స్త్రీలకు మత్తు గూర్చి శాంతపరచే మందులు ఎక్కువగా ఇచ్చారట. ఆయనది బాధ, ఆమెది బెదురు!

తప్పంతా వైద్యుని దృష్టిదేనా? కాదు, దేహంలోనూ భేదమున్నది. జ్ఞానదంతాలు తీయించుకున్న వారిపై కాలిఫోర్నియా శాస్త్రజ్ఞులు జరిపిన ప్రయోగాలలో, నల్లమందు జాతికి చెందిన ఒక తరగతి ఔషధాలు పురుషులకంటె స్త్రీలకే ఎక్కువ ఉపశమనాన్నిచ్చినట్లు 1996లో తేలినది. 2015లో కెనడా పరిశోధకులు మగ ఎలుకలలోను, ఆడ ఎలుకలలోను దీర్ఘకాలిక నొప్పిని నడిపించే కణాలు వేరువేరని చూపించారు. ఇంత ఆలస్యమెందుకైనదంటే, ప్రయోగశాలలో చాలాకాలం మగ ఎలుకలదే రాజ్యం. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ సైతం 1977లో, గర్భధారణ వయసులోని స్త్రీలను తొలిదశ పరీక్షలకు దూరంగా ఉంచమన్నది. ఆ సూచనను 1993లో గాని ఉపసంహరించుకోలేదు.

ఇక మాటల చిక్కు. 1975లో రోనాల్డ్ మెల్జాక్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు నొప్పిని వర్ణించే 78 ఆంగ్ల పదాలను ఏర్చి కూర్చి, రోగులకొక ప్రశ్నావళి సిద్ధం చేశాడు. మన భాషకు మాత్రం తక్కువేమున్నది? సలుపు, పోటు, తీపు, మంట, పీకు, గుంజు. ప్రతిదీ ఒక రోగలక్షణానికి దారి చూపేదే. కాని జంషెడ్‌పూర్‌లో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలలోని ఒక ముసలమ్మ హిందీ వైద్యుని ఎదుట కూర్చున్నప్పుడు ఇవన్నీ కరిగి “దర్ద్” ఒక్కటే మిగులుతుంది. మిగిలినది వెంట వచ్చిన కొడుకు చెబుతాడు. “ఎప్పుడూ ఇంతేనండీ” అన్న ముక్క కూడా సాధారణంగా అతనిదే.

ఈ ముక్క ప్రాణం మీదికి తెచ్చేది గుండెపోటులో. ఛాతీనొప్పి స్త్రీలకూ వస్తుంది. అయితే దానితోపాటు, ఒక్కొక్కప్పుడు అది లేకుండానే, దవడలోను వీపులోను నొప్పి, ఆయాసం, వికారం, అంతులేని నీరసం పురుషులలోకంటె వారిలో తరచుగా కనబడతవి. ఇంట్లోవారు “గ్యాసు” అని తేల్చి, వాము నమిలించి పడుకోబెడతారు. అటువంటి వేళ వెంటనే ఆసుపత్రికి తీసుకుపోయి ఇ.సి.జి. తీయించవలసినదే, గ్యాసు సంగతి ఆ తరువాత చూసుకోవచ్చును.