వెలుగును వడకట్టే రాళ్లు!

అలంపురం వెళ్లినవాళ్లు జోగులాంబ దర్శనం చేసుకుని, నవబ్రహ్మ ఆలయాల శిఖరాలు చూసి వచ్చేస్తారు. ఈసారి లోపల కాసేపు ఆగండి. గర్భగుడి చుట్టూ ప్రదక్షిణ మార్గం, పైన రాతి కప్పు. చిమ్మచీకటి కమ్ముకోవాల్సిన చోట పలచని వెలుగు! అది గోడలోని రాతి కిటికీ నుంచి వస్తోంది.

రాతి పలకను తొలిచి చేసిన జాలీలివి. బాదామి చాళుక్యుల కాలం... అంటే 7, 8 శతాబ్దాల నాటి పనితనం. రెక్కల్లేవు, అద్దాల్లేవు. ఎంత రాయి తీసేయాలో తెలియడమే ఇక్కడ అసలు విద్య. ఆఖరి రంధ్రం దగ్గర ఉలి జారిందా, అంతకుముందు చేసిందంతా వృథా!

కిటికీని మనవాళ్లు గవాక్షం అన్నారు, అంటే ఆవు కన్ను. ఇంగ్లిషు 'విండో'కు మూలమైన పాత నార్స్ మాటకు అర్థం గాలి కన్ను. ఎక్కడి తుంగభద్ర, ఎక్కడి స్కాండినేవియా!

విరిగినా విగ్రహాన్ని గుర్తుపడతాం, శాసనాన్ని చదువుతాం. జాలీ విరిగితే మాత్రం అది చిల్లులున్న బండే. యూరప్‌లో కొన్నిచోట్ల పాత కిటికీల రాతిముక్కల్ని చర్చి ఆవరణలోనే భద్రపరుస్తారు. మన దగ్గరా అలాంటి ఏర్పాటుంది. అలంపురంలో గుళ్ల పక్కనే మ్యూజియం. నల్గొండ దగ్గరి పానగల్లులో పచ్చల సోమేశ్వరాలయం ప్రాంగణంలోనే మ్యూజియం.

దేవరకొండ వాళ్లకు ఈ సంగతి మరీ దగ్గరిది. ఆ తాలూకాలోని ఏలేశ్వరం నాగార్జునసాగర్ నీళ్లలో మునిగిపోయింది. మునిగేలోగా పురావస్తు శాఖ తవ్వకాలు జరిపి దొరికినవి బయటికి తెచ్చింది. తర్వాత ఎగువన శ్రీశైలం జలాశయం వచ్చినప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయీ విప్పి, అంకెలు వేసి, అలంపురం తెచ్చి మళ్లీ నిలబెట్టారు. ఏ రాయి ఎక్కడిదో రాసి పెట్టుకోబట్టే అది సాధ్యమైంది.

చెలకలోనో చెరువు కట్టమీదో చిల్లుల పలక కనిపిస్తే ఇంటికి మోసుకురాకండి. ఫొటో తీసి తహసీల్దారుకో, పురావస్తు శాఖకో చెప్పండి. ఏ సర్వే నంబరులో, ఏ దిక్కుకు పడి ఉందో కూడా చెబితే, గోడ ఎటు కూలిందో నిపుణులు అంచనా కడతారు.