డి.టి.హెచ్. ప్రసారాలు: నిబంధనల జాప్యం, ప్రయోగ జాప్యం

పల్నాడు జిల్లా బెల్లంకొండ వంటి మారుమూల మండలాలలో కేబుల్ తీగ చేరని ఇళ్లకు చిన్న డిష్ ద్వారా నేరుగా టెలివిజన్ కార్యక్రమాలను అందించేది డి.టి.హెచ్. సేవ. దేశంలో ఇది రెండు విధాల జాప్యానికి లోనైనది.

మొదటిది నిబంధనలకు సంబంధించినది. 1997లో ఈ సేవపై విధించిన నిషేధాన్ని కేంద్ర ప్రభుత్వం 2000లో తొలగించి, 2001 మార్చి 15న మార్గదర్శకాలను జారీ చేసింది. విదేశీ పెట్టుబడిని 49 శాతానికి పరిమితం చేసింది.

రెండవది ప్రయోగానికి సంబంధించినది. 12 కె.యు. బ్యాండ్ ట్రాన్స్‌పాండర్లు గల ఇన్సాట్-4సి ఉపగ్రహాన్ని 2006 జూలై 10న శ్రీహరికోట నుండి ప్రయోగించగా, రాకెట్టుకు గల నాలుగు స్ట్రాప్-ఆన్ దశలలో ఒకటి విఫలమైనందున అది బంగాళాఖాతంలో పడిపోయినది. ప్రత్యామ్నాయమైన ఇన్సాట్-4సిఆర్ ప్రయోగం 2007 సెప్టెంబరు 2న గాని సాధ్యపడలేదు.

అనుమతి లభించినా ఉపగ్రహం లేనిదే, ఉపగ్రహమున్నా అనుమతి లేనిదే ప్రసారం పల్లెకు చేరదు.